బిడాలవ్రత మెవరిది?

ఇంతవఱకు ఈ శీర్షికలో ఇంటిపనుల మెలకువలను గూర్చియు, పిల్లల చదువుసంధ్యలను గూర్చియు మీకు వ్రాయుచు వచ్చితిని. ఒకరికి బుద్ధి చెప్పుట సులభమైన పని. ఈ మాసము మాత్రము నేను చేసిన తప్పు నొకదానిని మీ యెదుట ఒప్పుకొని, దానివలన నేర్చుకొనిన నాలుగు మాటలు చెప్పదలచితిని. విషయము మన మిద్దెలమీదను, వాకిళ్ళలోను దిక్కులేక తిరుగు పిల్లులది. ఇంతటి చిన్న ప్రాణియెడల చేసిన తప్పు చిన్నదేయని నేనును మొదట అనుకొంటిని.

నా పుట్టినిల్లు కడప, మెట్టినిల్లు కర్నూలు. నేను బడిలో చదివినది కొంచెము. మా నాయనగారు ప్రతిదినము సంధ్యాదీపము పెట్టిన పిమ్మట నన్ను ఎదుట కూర్చుండబెట్టుకొని తిక్కనగారి భారతమును, చిన్నయసూరి నీతిచంద్రికను చెప్పెడివారు. ఆ పుస్తకములలో పిల్లికి మంచిపేరు లేదు. 1853లో వెలువడిన నీతిచంద్రికలో దీర్ఘకర్ణమను పిల్లి యున్నది. అది మాంసము మాని వ్రతము పట్టితినని చెప్పి ముసలి గ్రద్దను నమ్మించి, దాని తొఱ్ఱలో చేరి పక్షిపిల్లలను తినును. నేరము గ్రద్దమీద పడును. శాంతిపర్వములో భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథలో లోమశుడను పిల్లి వలలో చిక్కి, పలితుడను ఎలుకచేత బంధములు కొఱికించుకొనును. అందును ఎలుక పని ముగిసినంతనే దూరముగ తొలగునే గాని పిల్లిని నమ్మదు. పైకి వ్రతము, లోపల వంచన గలవారి నడతకు పెద్దలు బిడాలవ్రతమని పేరు పెట్టిరి. ఇవి వినుచు పెరిగినదాన నగుటచే పిల్లి యనగా వంచనయే యని నా తలంపు. ఆ పేరు నాకే తగునని తెలిసిన దినమును గూర్చి చెప్పెదను.

గత సంవత్సరము వైశాఖమాసమున మా కొట్టుగది అటకమీద, వేరుశనగకాయల మూటల వెనుక, బూడిదవన్నె పిల్లి యొకటి మూడు పిల్లలను పెట్టినది. మాది పాతబస్తీలోని మిద్దెయిల్లు. వెలుతురుకై పైకప్పులో విడిచిన గవాక్షిగుండ అది రాకపోకలు సాగించుచుండెను. అది మా పెంపుడుపిల్లి కాదు. నాలుగైదిండ్ల ఎంగిలి తిని బ్రతుకునది. అప్పటికే వీధిలో దానిమీద నేరములు చాల యుండెను. పాలగిన్నె దొర్లించెననియు, తులసికోట పాదు త్రవ్వెననియు, రాత్రులందు పసిబిడ్డవలె ఏడ్చి అపశకునము చేయుచున్నదనియు తలకొక మాట. కడపట ఎదురింటి అవ్వగారి కోడిపిల్లలు రెండు మాయమైనవి. ఆ సాయంకాలము ఆడవాండ్రము నలుగురము అరుగుమీద చేరినప్పుడు అవ్వ తీర్పు చెప్పినది: "పిల్లల్ని సంచిలో ఏసి హంద్రి అవతల ఇడిసిపెడితే పోతాది పీడ. తల్లి దావ తల్లి చూసుకుంటాది. సంపమంటిమా ఏమన్నా?"

"చంపమనలేదు గదా" యను ఆ మాట మా యందఱకును ఎంతో హాయిగ తోచినది. పాపమంటక పని జరుగును! సంచి యెవరిత్తురని యడిగిరి. మా యింటి బియ్యపు గోనెసంచి నేనే తెచ్చి యిచ్చితిని. వీధిచివరి కుఱ్ఱవాడు సైకిలుమీద దానిని కొనిపోయి, ఏటి కావల కూరగాయల సంత దాపున విడిచి వచ్చెను.

ఆనాటి సంజవేళ యథాప్రకారము దీపము వెలిగించి లలితాసహస్రనామము చదువ కూర్చుంటిని. ఆ స్తోత్రమున మొదటి నామమే అమ్మవారిని తల్లియని పిలుచును. ఆ మాట నా నోట వచ్చుసరికి అటకమీద తల్లిపిల్లి అఱపు వినబడెను. మూటలన్నియు వెదకినది. మిద్దెయెక్కినది. గోడవెంబడి వీధిచివఱకు పోయి మరల వచ్చినది. పాలు నిండి పొదుగు బిగిసియుండుట కంటికి కనబడుచుండెను. తెల్లవాఱువఱకు అది అఱచుచునే యుండెను. వీధిలో ఒక్కరును దానిని అపశకునమనలేదు. మా అమ్మాయికి తొమ్మిదేండ్లు. "అమ్మా, దాని పిల్లలెక్కడ?" అని అడిగినది. నాకు తెలియదని చెప్పితిని. అది నా రెండవ తప్పు.

మఱునాడు మావారు బడినుండి వచ్చిన పిమ్మట సంగతి చెప్పుకొంటిని. వారు నన్ను కోపింపలేదు. "నీతిచంద్రికను బడిలో నేను పిల్లలకు చెప్పుచున్నాను, నీవు ఇంట చదివియున్నావు. మన యింటిలో దీర్ఘకర్ణ మెవరో ఇప్పుడు తేలవలెను" అని మాత్రమనిరి. అప్పుడే స్కూటరుమీద బయలుదేరితిమి. సంత దాపున కూరలమ్ము స్త్రీ యొకతె మా గోనెసంచిని గుర్తుపట్టి, తన గంప చూపినది. అందొక పిల్ల బ్రదికియుండెను. మేకపాలలో బట్టపీలిక ముంచి దాని నోట పిండుచున్నదట. తక్కిన రెండును మధ్యాహ్నపుటెండకు చనిపోయినవని చెప్పినది. దినమంతయు ఎండలో కూర్చుండి కూరలమ్ముకొను ఆమెకు తోచిన దయ, నీడపట్టున కూర్చున్న మా నలుగురిలో నొక్కరికిని తోచకపోయెను. ఇంటికి తెచ్చి అటకమీద నుంచినంతనే తల్లి దానిని మెడపట్టుకొని మిద్దె మీదికి గొనిపోయెను. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని సామెత. ఆ తల్లి మా యిల్లు నమ్మదగినది కాదని నిశ్చయించుకొన్నది గాబోలు. తొమ్మిది దినములవఱకు మరల లోనికి రాలేదు.

ఇక నేర్చుకొనిన మాటలు. పిల్లుల విషయమున ఏమి చేయవలయునో తెలిసికొనుటకు మేము మొదట పోయినచోట "ఇచ్చట గొడ్లకు, గొఱ్ఱెలకే తీరిక చాలదు" అనిరి. పిమ్మట ఒక పశువైద్యురాలు ఓపికతో అన్నియు చెప్పిరి. ఆమె చెప్పినదానిలో మొదటిది మన అలవాటుకు గొడ్డలిపెట్టు. పిల్లులను దూరముగ విడిచివచ్చుటవలన వీధిలో పిల్లులు తగ్గవు. తిండియు, ఎలుకలును, దాగుటకు చోటును ఉన్నంతకాలము ఒక పిల్లి పోయినచోటికి వేఱొకటి వచ్చి చేరును. విడువబడిన పెద్దపిల్లికి ఆ క్రొత్తచోట నీరెక్కడనో, కుక్క లెక్కడనో తెలియదు. తన చోటికి తిరిగి రాజూచి అది దారిలో బండ్లక్రింద పడును. నెలదాటని పిల్లలు తల్లి లేక ఒకటి రెండు దినములకంటె బ్రదుకుట యరుదు. కాబట్టి సంచిలో వేసి విడిచిపెట్టుట యనగా చంపుటయే. చేయి మాత్రము మనది కాదు, ఎండది.

ఇంకొక పొరపాటును గూడ ఆమె దిద్దిరి. పిల్లిపిల్లలు ఒంటరిగ కనబడినంతమాత్రమున తల్లి విడిచిపోయినదని తలంపరాదు. అది వేటకు పోయియుండును. దూరమునుండి కొన్ని గంటలు కనిపెట్టి చూడవలెను. మనుష్యుల చేయి సోకిన పిల్లలను తల్లి ముట్టదనుట వట్టిమాట. మా యింటి తల్లియే దానికి సాక్షి. రెండవ వారమునుండి ఏడెనిమిది వారములలోపల మనుష్యుల చేతిలో మెలగిన పిల్ల మచ్చికయగును. అట్టి పిల్లను, తల్లిపాలు విడిచిన పిమ్మట, అనగా సుమారు ఎనిమిది వారములకు, దయగల యింటికి పెంపున కీయవచ్చును. ఆ వయస్సు దాటి మనుష్యుని ఎఱుగక పెరిగిన పిల్లిని గదిలో బంధించి మచ్చికచేయ జూచుట దానిని హింసించుటయే. దానికి ఇల్లనగా మన వీధియే.

మఱి సంఖ్య పెరుగకుండుటెట్లు? లెక్క వినుడు. ఆడుపిల్లి అయిదాఱు నెలల ప్రాయమునకే చూలు దాల్చగలదు. అది మోయునది రెండు నెలలకు కొంచెము పైగా, అరువదిమూడు మొదలు అరువదియైదు దినములు మాత్రమే. ఈతకు మూడు మొదలు అయిదు పిల్లలు. ఏటికి రెండు మూడు ఈతలు. పిల్లలు పాలు త్రాగుచుండగనే తల్లి మరల చూలు గావచ్చును. ఈ లెక్కకు గోనెసంచులు చాలునా? దీనికి లోకమంతట నిలిచిన ఉపాయము శస్త్రచికిత్స యొక్కటే. పిల్లిని బోనులో పట్టి, మత్తిచ్చి, సంతానము కలుగకుండ చికిత్సచేసి, పిచ్చికుక్కజబ్బు రాకుండ టీకా వేసి, పట్టినచోటనే మరల విడువవలెను. మత్తులో నుండగనే ఎడమచెవి కొనను సెంటీమీటరు లోపుగా చదునుగ కత్తిరింతురు. ఆ చెవిని చూచినవా రెవరైనను దీనికి చికిత్స జరిగినదని తెలిసికొని మరల పట్టక విడుతురు. అంగహీనము చేసిరని నేను మొదట నొచ్చుకొంటిని. రెండవమాఱు కత్తి తగులకుండ కాపాడు గుర్తని తెలిసిన పిమ్మట ఆ చెవి నాకు ముద్దుగనే కనబడుచున్నది.

బోను పట్టునప్పుడు ఓపిక ముఖ్యము. వారము పది దినములు ఒకేవేళకు, తలుపు కట్టి తెఱచియుంచిన బోనుదగ్గఱ మేత పెట్టి, దినదినము కొంచెము లోపలికి జరుపవలెను. అలవాటైన పిమ్మట తలుపు పడునట్లు సవరించి, చిక్కినంతనే దుప్పటి కప్పవలెను. చీకటిలో అది శాంతించును. చికిత్సకు ముందు ఎన్ని గంటలు పస్తుంచవలయునో, పిమ్మట ఎన్ని దినములు కనిపెట్టియుండవలయునో వైద్యుని అడిగి అట్లే చేయవలెను. పాలిచ్చు తల్లిని పిల్లలు పాలు విడుచువఱకు పట్టరాదు. మన పశువైద్యశాలలలో పిల్లులకు ఈ చికిత్స అన్నిచోట్ల జరుగదు గావున ముందుగ విచారించుకొని పోవుట మంచిది. కడప జిల్లా సోదరీమణులకు ప్రొద్దుటూరున శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన పశువైద్య కళాశాల కలదు. సలహాకైనను అచ్చట అడుగవచ్చును.

రాత్రుల యేడ్పును గూర్చి ఒక మాట. అది అపశకునము గాదు. జతగోరు పిల్లుల కేకయు, గండుపిల్లుల పోట్లాటయు మాత్రమే. చికిత్స జరిగిన పిమ్మట అది చాలవఱకు అణగును. మా వీధిలో అణగినది. పిల్లి యెదురుపడినదని ఒక గడియ ఆగి నీళ్ళు త్రాగి పోవు అలవాటున్నవారు ఆ నీళ్ళలో సగము దానికి పోసినచో, శకునము మాటెట్లున్నను పుణ్యము నిశ్చయము.

నీళ్ళ మాట వచ్చినది గనుక చెప్పెదను. మన కర్నూలు, కడప సీమలలో ఏడాది వాన ఇంచుమించు 700 మిల్లీమీటర్లు. వేసవి యెండ నలుబది డిగ్రీలు దాటుట మనకు వింత గాదు. పిల్లి పూర్వికులు ఎడారి ప్రాంతములవి యగుటచే అది నీరు తక్కువగ త్రాగు జాతి. దానివలననే మూత్రసంబంధమైన జబ్బులు దానికి తఱచు. నీడలో, దొర్లని బరువైన మట్టిమూకుడులోనో, రాతితొట్టిలోనో నీళ్ళు పోసి దినమునకు రెండుమాఱులు మార్చినచో, పిల్లికే గాక పిచ్చుకకు, ఉడుతకు గూడ ఆధారమగును. మేత పెట్టలేనివారును ఈ పని చేయవచ్చును.

మేత విషయమున శాకాహారుల యిండ్లలో చిక్కు కలదు. మా యింటను అదే చిక్కు. పెరుగన్నముతోను, సంగటితోను పిల్లి ఆకలి తీరినట్లు కనబడునే గాని దాని దేహము నిలువదు. అది పుట్టుకచేత మాంసాహారి. చూపునకు, గుండెకు కావలసిన సత్తువ కొన్ని దానికి మాంసమునందే దొరకును. ఆవుపాలు గూడ దానికి పథ్యము గాదు, అనేకమునకు విరేచనములగును. పిల్లి యనగానే పాలని తలచు మనకు ఇది వింతగ తోచును. మా యత్తగారు "గ్రుడ్డు గడప దాటి లోనికి రాకూడదు" అనిరి. గడప బయట ఉడుకబెట్టుట కేమియు అడ్డు చెప్పలేదు. కనుక వారమునకు మూడుమాఱులు గ్రుడ్డు, తక్కిన దినములలో అంగడిలో అమ్ము పిల్లుల మేత. ఉల్లి, వెల్లుల్లి చేరిన కూరలు దానికి విషతుల్యములు. మేత ఒకేవేళకు, ఒకేచోట, కొలతగా పెట్టి, అరగంటకు మిగిలినది తీసివేయవలెను. లేనిచో చీమలు, పందికొక్కులు, కుక్కలు చేరి, పొరుగువారి నిందకు మనమే కారణమగుదుము. మిద్దెమీదనో సందు మూలనో ఇసుకపెట్టె యుంచి, తులసికోట పాదులో గులకరాళ్ళు పఱచినచో ఆ తగవును తీరును.

ఇంటివారి క్షేమమును గూడ మఱువరాదు. పిల్లి కఱచినను, గీఱినను, గాయమును వెంటనే ధారగా పాఱు నీటితోను, సబ్బుతోను పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక వైద్యశాలకు పోవలెను. పసుపు, కారము, సున్నము పూసి కట్టు కట్టరాదు. పిచ్చికుక్కజబ్బు పిల్లివలనను రావచ్చును. వచ్చిన పిమ్మట మందు లేదు. ముందుగ టీకా వేయించుకొనినచో భయము లేదు. ప్రభుత్వ వైద్యశాలలలో ఆ టీకాను ఉచితముగ వేయుదురు. చెప్పిన దినములన్నియు తప్పక పోవలెను. గర్భవతులు పిల్లి మలమును ఎత్తరాదు; తోటమన్ను ముట్టిన పిమ్మట చేతులు బాగుగ కడుగుకొనవలెను. దానినుండి సోకు ఒక సూక్ష్మజీవి గర్భస్థశిశువునకు హానిచేయును. ఈ ఒక్క పనిని ఇంటిలో వేఱొకరికి అప్పగించిన చాలును. పిల్లిని తరుముటతో పనిలేదు.

మనవలన పిల్లికి కలుగు ప్రమాదము లింకను ఎక్కువ. మనము జ్వరమునకు వేసికొను పారాసిటమాల్ మాత్ర యొక్కటే దాని ప్రాణము తీయగలదు. దయతో ఇచ్చినను విషము విషమే. బట్టలలో వేయు నాఫ్తలీన్ ఉండలు, నేలకు పోయు ఘాటైన ఫినాయిలు గూడ దానికి హానికరములు. తడి నేలమీద నడచి కాళ్ళు నాకుకొనును గదా! ఎలుకలమందు పెట్టిన యింటిలో, మందు తిన్న యెలుకను తిని పిల్లియు చచ్చును. ధాన్యమును కాపాడు కాపరిని మనమే చంపుకొని, మరునెల ఎలుకలని వగచుట ఏమి వివేకము?

కాపరి యను మాట ఊరక వాడలేదు. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి సమాధిలో మనుష్యుని చెంతనే పాతిపెట్టిన పిల్లి యెముకలను కనుగొంటిమని శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిరి. మనుష్యుడు ధాన్యము నిలువచేయ నేర్చినప్పుడు ఎలుకలు వచ్చినవి, ఎలుకలకై పిల్లి వచ్చినది. మనము పిలిచి తెచ్చుకొనలేదు గాని, మన గాదెలే దానిని పిలిచినవి. మన సీమలో రాయలవారి కథయు అదే చెప్పును. ఎలుకల బాధ మాన్పుటకు రాయలు ఇంటింటికి పిల్లిని, దాని పాలకై ఆవును ఇచ్చెననియు, తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి మరగకాగిన పాలు పెట్టి నోరు కాల్చి, పాలన్నచో పాఱిపోవునట్లు చేసెననియు జనులు చెప్పుకొందురు. చిన్ననాట ఆ కథకు కడుపుబ్బ నవ్వితిని. నిరుడు మా అమ్మాయి ఆ కథ విని నవ్వలేదు. "దాని నోరు ఎన్నాళ్ళకు మానింది?" అని అడిగినది. నాకు జవాబు తోచలేదు.

ఇక చట్టము. ఇది దయగలవారి వేడుక మాత్రమే గాదు. 1952లో రాజ్యసభకు నియమింపబడిన రుక్మిణీదేవి అరండేల్, మనకు నాట్యకళవలన తెలిసిన ఆ యమ్మయే, జంతుహింసానివారణకై 1953లో సభయందు బిల్లు ప్రవేశపెట్టిరి. ఆమె కృషికి ఫలముగా 1960లో చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఆకలి దప్పులచే బాధపడు స్థితిలో ఒక జంతువును కారణము లేక విడిచిపెట్టుట ఆ చట్టము ప్రకారము నేరము. అనగా, సోదరీమణులారా, నా గోనెసంచి నేరమే. శిక్ష స్వల్పము, అది వేఱు సంగతి. 1976లో రాజ్యాంగమున చేర్చిన పౌరధర్మములలో ప్రాణులయెడ దయ యొకటి. 2023లో కేంద్రప్రభుత్వము వెలువరించిన జంతుజనన నియంత్రణ నియమములు, ఎవరికిని చెందక మన మధ్యనే పుట్టి పెరుగు జంతువులను సమాజపు జంతువులని పేర్కొని, వానికి మేత పెట్టుటకు పిల్లలాడుచోటులకు, రాకపోకల గుమ్మములకు దూరముగ, నియమితవేళలో ఏర్పాటు చేయవలెనని చెప్పుచున్నవి. ఇటలీ దేశము 1991లోనే వీధిపిల్లులను హింసింపరాదనియు, చికిత్సచేసి వాని గుంపులోనే విడువవలెననియు శాసనము చేసినది. మన తెలుగునాట 1992లో అక్కినేని అమలగారు హైదరాబాదున బ్లూ క్రాస్ సంస్థను స్థాపించి నోరులేని జీవులకు వైద్యము చేయించుచున్నారు. పెద్ద నగరములలో సంస్థలున్నవి. మనవంటి ఊళ్ళలో మన వీధియే సంస్థ కావలెను.

మా వీధి సంగతి చెప్పి ముగించెదను. ఇంటికి నెలకు ఏబది రూపాయలచొప్పున ఒక డబ్బాలో వేయుచున్నాము. మొదట ఇద్దఱమే వేసితిమి, ఇప్పుడు తొమ్మిదిండ్లవారు వేయుచున్నారు. ఏడాదిలో నాలుగు పిల్లులకు చికిత్స జరిగినది. అయిదవది, చెవులు చీలిన గండుపిల్లి, ఇంకను మా బోనును వెక్కిరించుచునే యున్నది. ఈ వేసవిలో మా వీధిలో క్రొత్తపిల్లలు పుట్టలేదు. ఎదురింటి అవ్వను ఒప్పించుటకు నేను ధర్మశాస్త్రములు చెప్పలేదు. ఆమె కోళ్ళగూటికి మేమే సన్నని ఇనుపవల కొట్టించి యిచ్చితిమి. కోడిపిల్లలు పోయినవారి దుఃఖము గూడ దుఃఖమే. దానిని తీర్చక పిల్లిమీద దయ చూపుమనుట న్యాయము గాదు. పిమ్మట ఒకనాడు అవ్వయే చేపతలలు ఉడికించి, మూకుడు చేతబట్టి వచ్చి, "మీ ఇంట్లో ఇట్లాటివి వండరు కదా తల్లీ, పాపం వాటికి నోరు సచ్చిపోయుంటాది" అని సందుమూల పెట్టిపోయినది.

బ్రదికిన ఆ యొక్క పిల్ల మా యింటనే పెరుగుచున్నది. మావారు పరీక్షపత్రములు దిద్దునప్పుడు వానిమీద పండుకొనును. మా అమ్మాయికి నేను నిజము చెప్పితిని. సంచి నేనే యిచ్చితినని చెప్పితిని. అది చాలసేపు నాతో మాటలాడలేదు. ఆ మౌనము నాకు తగినదే. తల్లిపిల్లి చెవికొన తెగి, మిద్దె పిట్టగోడమీద నిశ్చింతగ కూర్చుండును. నేను మేత పెట్టి వెనుకకు పది యడుగులు వేసినగాని దిగిరాదు. అది నన్ను క్షమింపలేదు. క్షమింపవలసిన పనియు దానికి లేదు. దాని నడతలో వంచన యేమియు నాకు కనబడలేదు. ఆకలియైనచో అఱచును, భయమైనచో పాఱిపోవును, బిడ్డలు పోయినచో ఏడ్చును. చంపలేదనుకొనుచు సంచి కట్టినవార మెవరమో ఆ వ్రతము వారిది.

సోదరీమణులారా! మీ వీధిలో ఎవరైనను సంచి తెమ్మని అడిగిన దినమున ఈ వ్రాతను తలచుకొనుడు. సంచికి మారుగా ఒక మూకుడు నీళ్ళు తెచ్చి పెట్టుడు. పిమ్మట నలుగురు కూర్చుండి బోనును గూర్చియు, వైద్యుని గూర్చియు మాటలాడుకొనుడు. మీ యూళ్ళలో ఇట్టి పని చేసినవారు తమ యనుభవమును వ్రాసి పంపినచో ఈ శీర్షికలో సంతోషముతో ప్రకటింతును.